వెలగా, మారేడా, కాయా, పండా

క్లుప్తంగా

వెలగ, మారేడు రెండూ నిమ్మ కుటుంబానికి చెందిన వేర్వేరు చెట్లు. కాయలు గుండ్రంగా, గట్టి పెంకుతో ఉండటం వల్ల బజారులోనూ ఫోన్ వీడియోల్లోనూ ఒకదాని గుణాలను మరొకదానికి అంటగడుతున్నారు. ఆకు చూస్తే తేడా నిమిషంలో తెలిసిపోతుంది. అయితే తిండికైనా మందుకైనా చెట్టు పేరు తెలిస్తే సరిపోదు, కాయ ఏ దశలో ఉందో కూడా తెలియాలి. పచ్చి మారేడు విరేచనాలను కడుతుంది, పండిన మారేడు విరేచనాన్ని సాఫీ చేస్తుంది. ఇవి పెరిగే అడవుల్లోనే పెరిగే ముష్టి కాయను వీటిగా పొరబడితే ప్రాణాపాయం.

పండుగ బజారులో కలిసిపోయే కాయలు

వినాయక చవితికి రెండు రోజుల ముందు నుంచే నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు బజార్లలో పత్రి కుప్పలు పోస్తారు. ఉత్తరేణి, వావిలి, మారేడు రెమ్మల పక్కనే పాలవెల్లికి కట్టే కాయలను కూడా గోనెపట్టాల మీద పరుస్తారు. వాటిలో వెలక్కాయ ఉంటుంది, కొన్నిచోట్ల మారేడు కాయ కూడా ఉంటుంది. రెండూ బంతిలా ఉంటాయి, రెండింటి పెంకూ రాయి పెట్టి కొడితే గానీ పగలదు. ఇది ఏ కాయ అని అడిగితే అమ్మేవారే ఒకరు వెలగ అంటారు, పక్కవారు మారేడు అంటారు. పూజ వరకు దీనివల్ల నష్టమేమీ లేదు. పండుగ అయ్యాక పాలవెల్లి మీది కాయను దించి పచ్చడికో, కడుపులో తిప్పుతోందని కషాయానికో వాడబోయినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఈ చిక్కును ఇంగ్లీషు పేరు మరింత బిగించింది. వెలగను ఇంగ్లీషులో వుడ్ ఆపిల్ అంటారు. మారేడుకు బేల్ అన్న పేరు విడిగా ఉన్నా, దాన్ని కూడా వుడ్ ఆపిల్ అని రాసేవారు చాలామంది ఉన్నారు. ఉత్తరాదిలో వేసవికి తాగే బేల్ షర్బత్ గురించి చెప్పిన మాటలు ఆ పేరు మీదుగా తెలుగులోకి వచ్చేసరికి వెలగపండు గొప్పలుగా మారిపోతున్నాయి. సంస్కృతంలో ఈ ఇబ్బంది లేదు. గణపతి శ్లోకంలో వినిపించే కపిత్థం వెలగ, శివపూజలో వినిపించే బిల్వం మారేడు. పల్లెల్లోనూ ఈ అయోమయం తక్కువే. ఎలక్కాయ అని పిలుచుకునే చెట్టు ఏదో, మారేడు ఏదో గొర్రెలు కాసే పిల్లలు కూడా చెప్పగలరు. కాయ చెట్టును వదిలి గోనెసంచిలో పట్నానికి చేరినప్పుడు, దానితో పాటు రావలసిన ఆకు, ముల్లు, బెరడు అనే సాక్ష్యాలు వెనకే ఉండిపోతాయి. గందరగోళానికి అసలు కారణం అది.

చెట్టు కింద నిలబడి చూడవలసినవి

శాస్త్రీయ నామాల్లో వెలగ లిమోనియా అసిడిసిమా, మారేడు ఏగ్లె మార్మెలోస్. అసిడిసిమా అన్న లాటిన్ మాటకు మిక్కిలి పుల్లనిది అని అర్థం. రెండూ నిమ్మ, నారింజ, కరివేపాకులు ఉన్న రూటేసీ కుటుంబంలోనివే. అందుకే ఏ ఆకును నలిపినా ఘాటైన వాసన వస్తుంది. ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూస్తే సూదితో పొడిచినట్టు సన్నటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి సువాసన నూనె నిండిన చిన్న తిత్తులు. ఈ చుక్కలు కనిపిస్తే నిమ్మ కుటుంబం అన్నది దాదాపు ఖాయమవుతుంది. ఆ తరువాత చూడవలసింది ఆకు అమరిక.

మారేడు ఆకులో మూడు దళాలు ఉంటాయి. పక్కల రెండు దళాలు ఎదురెదురుగా ఉంటాయి, కొసన ఉన్న దళం కాస్త పొడవైన కాడ మీద ముందుకు వస్తుంది. దళం కోడిగుడ్డు ఆకారంలో మొదలై కొసకు వచ్చేసరికి సన్నబడి మొన తేలుతుంది. అరుదుగా ఐదు దళాల మారేడు కూడా కనిపిస్తుంది కాబట్టి ఒక్క ఆకును చూసి తేల్చుకోకుండా, రెమ్మంతా తిరగేసి చూడటం మంచిది.

వెలగ ఆకు తీరు వేరు. నడిమి ఈనెకు అటూ ఇటూ జతలు జతలుగా, కొసన ఒకటి చొప్పున సాధారణంగా ఐదు లేదా ఏడు చిన్న దళాలు ఉంటాయి. ఒక్కో దళం రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. మొదట సన్నగా, కొసన వెడల్పుగా ఉండి, చాలా దళాల కొసన చిన్న నొక్కు కనబడుతుంది. మారేడు దళం కొస మొన తేలితే, వెలగ దళం కొస నొక్కుకుపోతుంది. ఈ ఒక్క గుర్తు మనసులో ఉంచుకున్నా చాలావరకు పొరపాటు జరగదు. వెలగ ఈనెకు రెండు వైపులా గీత గీసినంత సన్నని రెక్కలాంటి అంచు ఉంటుంది. ఆకు నలిపితే వచ్చే వాసనలో సోంపు ఛాయ తగులుతుంది.

ముళ్లు రెండింటికీ ఉంటాయి, తిన్నగా, బలంగా ఉంటాయి. కాబట్టి ముల్లును బట్టి చెట్టును నిర్ణయించడం సరికాదు. బెరడు కొంత ఉపయోగపడుతుంది: ముదిరిన వెలగ బెరడు నల్లని బూడిద రంగులో, నిలువు పగుళ్లతో గరుకుగా ఉంటుంది. గాటు పెట్టిన చోట బంక కారి గట్టిపడుతుంది, ఆ బంకను తుమ్మ జిగురు వాడే పనులకే వాడతారు.

కాయల్లోకి వస్తే, వెలక్కాయ పెంకు మీద బూడిద చల్లినట్టు తెల్లని గరుకు పొర ఉంటుంది. వేలితో రుద్దితే పొట్టులా రాలుతుంది. మారేడు కాయ నునుపుగా ఉంటుంది, పచ్చగా మొదలై పండే కొద్దీ పసుపు పచ్చగా మారుతుంది. పగలగొట్టి చూస్తే ఇక సందేహానికి తావే లేదు. పండిన వెలగలో చింతపండును తలపించే గోధుమ రంగు గుజ్జు, దానినిండా లెక్కలేనన్ని చిన్న గింజలు ఉంటాయి. మారేడులో నారింజ తొనల్లాంటి గదులు, పసుపు లేదా నారింజ రంగు గుజ్జు, నూగుతో కప్పిన గింజల చుట్టూ గాజులా మెరిసే జిగురు ఉంటాయి. ఆ జిగురు వేలికి అంటితే ఒక పట్టాన వదలదు.

అడవి అంచుల్లో మూడో చెట్టు ఒకటి ఈ లెక్కను కాస్త తికమక పెడుతుంది. తొర్ర వెలగ లేదా కుక్క వెలగ అని పిలిచే ఆ ముళ్ల చెట్టు ఆకు వెలగ ఆకులాగే జతల దళాలతో ఉంటుంది గానీ, ఈనెకు ఉన్న రెక్క బాగా వెడల్పుగా, దళానికీ దళానికీ మధ్య కుదించినట్టు ఉంటుంది. కాయ బఠాణీ గింజంతే. కాయ కాసే కాలంలో దాన్ని వెలగగా పొరబడే అవకాశం లేదు, ఆకు కోసేటప్పుడు మాత్రం ఉంది.

ముష్టి: ఇక్కడ పొరపాటుకు తావు లేదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండు అడవుల్లోనూ, పూర్వం నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట తీరపు అడవిలోనూ ముష్టి చెట్టు సహజంగా పెరుగుతుంది. దాని కాయ కూడా గుండ్రంగా, గట్టి పెంకుతో, చిన్న మారేడంత ఉంటుంది. పండితే నారింజ రంగుకు తిరిగి చూడముచ్చటగా మెరుస్తుంది. లోపల మెత్తని గుజ్జులో బిళ్లల్లా చదునుగా, పట్టులాంటి నూగుతో గింజలు ఉంటాయి. ఆ గింజల్లో స్ట్రిక్నిన్ అనే విషం ఉంటుంది. కండరాలు మితిమీరి బిగుసుకోకుండా వెన్నుపాములో పనిచేసే నిరోధక సంకేతాన్ని ఈ విషం అడ్డుకుంటుంది. ఆ అదుపు పోవడంతో చిన్న శబ్దానికీ, తాకిడికీ ఒళ్లంతా విల్లులా వంగి బిగుసుకుపోతుంది. చివరకు ఊపిరి తీసే కండరాలు కూడా బిగిసిపోయి మరణం సంభవిస్తుంది. మనిషికి స్పృహ మాత్రం చాలాసేపు ఉంటుంది. విష లక్షణాలు తరచుగా గంటలోపే మొదలవుతాయి కాబట్టి నాటు వైద్యంతో కాలం గడపకుండా, తిన్న కాయను కూడా చేతపట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.

గుర్తుపట్టడం కష్టం కాదు. ముష్టి ఆకు ఒంటి ఆకు, దానిలో దళాలు ఉండవు. రెమ్మ మీద ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఆకు మొదటి నుంచే మూడో ఐదో ఈనెలు బయలుదేరి కొస వైపు సాగుతాయి. నలిపితే నిమ్మ వాసన రాదు, ఎండకు పట్టుకుంటే చుక్కలు కనిపించవు. కోతులు, కొన్ని పక్షులు ముష్టి గుజ్జును తింటాయి. అవి తిన్నాయి కదా అని మనుషులూ తినవచ్చు అనుకోవడం ప్రమాదకరమైన తర్కం. రాలిన కాయను చూసి కాకుండా, తలెత్తి ఆ కాయ ఏ కొమ్మది, ఆ కొమ్మకు ఏ ఆకు ఉంది అని చూశాకే చేతిలోకి తీసుకోవాలన్న నియమం ఈ ఒక్క చెట్టు కోసమైనా పాటించదగినది.

గొంతులో పచ్చి వెలక్కాయ ఎందుకు పడుతుంది

మింగలేక, కక్కలేక ఇరుకున పడినవాడి పరిస్థితిని గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అంటారు. ఈ నుడి వెనుక ఉన్నది ఊహ కాదు, అనుభవం. లేత వెలక్కాయ ముక్క నమిలితే నాలుక మొద్దుబారుతుంది, బుగ్గలు లోపలికి పీక్కుపోతాయి, ఉమ్మి ఎండిపోయినట్టయి ముక్క గొంతు దిగదు. ఆయుర్వేదం కూడా పచ్చి కపిత్థాన్ని కంఠఘ్నం, అంటే గొంతును చెరిచేది అంది. పల్లె నుడి, శాస్త్రపు మాట ఇంత సూటిగా ఒకేచోట కలవడం అరుదు.

దీనికి కారణం టానిన్లు. వగరు రుచినిచ్చే ఈ పదార్థాలకు ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టించే గుణం ఉంది. ఉమ్మి జారుడుగా ఉండటానికి దానిలోని ప్రొటీన్లే ఆధారం. టానిన్లు వాటిని పట్టి గట్టిపరచగానే ఆ జారుడుతనం పోయి నోటిలోని చర్మం చర్మాన్ని రాసుకుంటుంది. వగరు అన్నది అందుకే రుచి అన్న మాటకు పూర్తిగా ఒదగదు, అది సగం స్పర్శ. కాయ ముదిరి పండే కొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి గొలుసుకట్టి కరగని రూపంలోకి మారతాయి, చక్కెరలు పెరుగుతాయి. పులుపు మాత్రం వెలగలో పండినా తగ్గదు. మారేడులో పులుపు తక్కువ, తీపి, సువాసన ఎక్కువ.

తోళ్లను ఊనడానికి టానిన్లు వాడటం, పచ్చి మారేడు విరేచనాలను కట్టడం, పచ్చి వెలక్కాయ గొంతుకు అడ్డం పడటం ఈ మూడూ ఒకే గుణానికి మూడు ముఖాలు. కాయ దశను బట్టి ఆ గుణం ఎక్కువ తక్కువలవుతుంది. పిందె, కసుగాయ, కాయ, దోరకాయ, పండు అంటూ తెలుగులో ఒక్కో దశకు ఒక్కో పేరు ఉండటం ఊరికే జరగలేదు. వాడే తీరు, వాడితే వచ్చే ఫలితం ఆ పేర్లలోనే విడివడి ఉన్నాయి. 'వెలగ ఒంటికి మంచిది' అనే ఏకవాక్య ప్రచారంలో మొదట జారిపోయేది ఈ విభజనే.

పండిందో లేదో తెలుసుకోవడం

మామిడిలా నొక్కి చూడటానికి వెలగకు మెత్తదనం ఉండదు. దానికి వేరే పరీక్ష ఉంది. కాయను అడుగు ఎత్తు నుంచి బండ మీదికి వదలాలి. ముదరని కాయ ఎగిరి పడుతుంది, ముదిరినది ఎగరకుండా దబ్బున పడి అక్కడే ఉండిపోతుంది. అలా ముదిరిన కాయలను రెండు వారాల పాటు ఎండలో ఉంచితే గుజ్జు పూర్తిగా పండి, పెంకును వదిలి, పగలగొట్టకముందే సువాసన వేస్తుంది. వినాయక చవితి నాటికి వచ్చేవి ఎక్కువగా ముదరని కాయలే. నిజమైన పండ్లు వానాకాలం వెనుకపట్టాక, చలికాలంలో దొరుకుతాయి. మారేడు ఇందుకు భిన్నంగా ఎండాకాలపు పండు. వేసవి చివర పూసిన పువ్వు కాయై, పండడానికి మళ్లీ వేసవి రావాలి. పెంకులో పచ్చదనం తగ్గి పసుపు తిరుగుతున్నప్పుడు కోసి, వారం పది రోజులు ఇంట్లో ఉంచితే తొడిమ సులువుగా ఊడివస్తుంది.

కరి మింగిన వెలగపండు అన్న నుడి కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. పైకి నిండుగా ఉండి లోపల ఏమీ మిగలని పండు అన్నది దాని భావం. ఇక్కడ కరి అంటే ఏనుగు కాదని, పెంకులో సన్నని రంధ్రం చేసి గుజ్జును హరించే పురుగని చెప్పే వ్యాఖ్యానమూ ప్రచారంలో ఉంది. ఏది ఒప్పైనా కాయలు ఏరేవారికి పనికొచ్చే హెచ్చరిక మాత్రం అందులో ఉంది. పండిన వెలగను ఊపితే లోపలి గుజ్జు కదిలి చప్పుడు చేస్తుంది, పుచ్చిన కాయ కూడా చప్పుడు చేస్తుంది. అందుచేత చప్పుడును నమ్మకుండా అరచేతిలో బరువు చూడాలి. పరిమాణానికి తగిన బరువు లేకపోయినా, పెంకులో సూది బెజ్జమంత రంధ్రం ఉన్నా, పగలగొట్టినప్పుడు పులిసిన కల్లు వాసన లేదా బూజు ఉన్నా ఆ కాయ తిండికి పనికిరాదు.

వంటింట్లో ఏం జరుగుతుంది

ఈ ప్రాంతపు ఇళ్లలో వెలగ ప్రధానంగా పచ్చడి కాయ. బాగా ముదిరి, ఇంకా పూర్తిగా పండని కాయను గడప మీదో రోటి అంచు మీదో కొట్టి రెండు చిప్పలు చేసి, గుజ్జును గరిటె కాడతో పెకలించి తీస్తారు. ఎండుమిరపకాయలు, మెంతులు, ఆవాలు, జీలకర్ర నూనెలో వేయించి తీసి, అదే నూనెలో గుజ్జును పసుపుతో మగ్గనిచ్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి రోట్లో నూరుతారు. కొందరు కాయను పగలగొట్టకుండానే నిప్పుల్లో పెట్టి, పెంకు నల్లబడి సువాసన వచ్చేదాకా కాల్చి తరువాత తీస్తారు. పండినదైతే బెల్లంతో పిసికి తినడం, లేదా పెరుగులో కలిపి తాలింపు పెట్టడం మామూలు.

ఈ పద్ధతుల్లో ప్రతిదానికీ టానిన్లతో సంబంధం కనిపిస్తుంది. పెరుగులోని పాల ప్రొటీన్లు టానిన్లను గిన్నెలోనే పట్టేసుకుంటాయి, నోటికి చేరేసరికి ఉమ్మిని గట్టిపరచడానికి మిగిలేవి తక్కువ. డికాషన్‌లో పాలు కలిపితే వగరు తగ్గేది కూడా ఇందుకే. బెల్లం, ఉప్పు మిగిలిన వగరును నాలుకకు తెలియనివ్వవు. గుజ్జులో పెక్టిన్ దండిగా ఉండటం వల్ల వెలగ జామ్, జెల్లీ బాగా గడ్డకడతాయి. గింజలను విడదీయకుండా గుజ్జుతో కలిపి తినడం వల్ల మామూలు పండ్లలో ఉండని కొంత ప్రొటీను, కొవ్వు కూడా అందుతాయి. మలబద్ధకం ఉన్నవారు మాత్రం సగం ముదిరిన కాయ పచ్చడిని మితంగా తినాలి.

మారేడు ఈ జిల్లాల వంటింట్లోకి పెద్దగా రాలేదు. శివుడి చెట్టుగా దాని కాయకు దూరం పాటించడం ఒక కారణం కావచ్చు, జిగురు మరో కారణం. ఉత్తరాదిలో ఇదే పండును నీళ్లలో పిసికి, వడకట్టి షర్బత్ చేస్తారు, పచ్చికాయ ముక్కలను పాకంలో వేసి మురబ్బా చేస్తారు. రాళ్లు పగిలే ఎండలు కాసే మార్కాపురం, కనిగిరి వైపు ఊళ్లలో మారేడు పండ్లు చెట్టు కిందే రాలి ఎండిపోతున్న సంగతి చూస్తే, షర్బత్ అలవాటు ఇక్కడ కూడా పట్టుకోదగినదే అనిపిస్తుంది.

మందుగా మారేడు: పచ్చిదాని దారి వేరు, పండు దారి వేరు

పండ్లన్నీ పండాకే గుణవంతమని, ఒక్క బిల్వం మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే గుణం ఎక్కువని ఆయుర్వేద నిఘంటువులు చెబుతాయి. లేత మారేడు కాయను ముక్కలు కోసి ఎండబెట్టి, కషాయంగానో చూర్ణంగానో అతిసారానికి, జిగట విరేచనాలకు వాడటం ఆ మాట మీద నడిచిన సంప్రదాయం. పండిన బిల్వం జీర్ణం కావడం కష్టమని కూడా ఆ గ్రంథాలే అంటాయి. పండులోని జిగురు, పీచు నీటిని పట్టుకుని మలాన్ని మెత్తబరుస్తాయి. ఒకేసారి ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, బరువు తప్పవు. ఒకే చెట్టు కాయ మూడు నాలుగు నెలల తేడాలో ఒక రోగానికి మందు, దాని ఎదురు రోగానికి మందు అవుతోందన్నమాట. విరేచనాలు పట్టుకున్న మనిషికి 'మారేడు మంచిది' అని పండు తినిపిస్తే జరిగేది మేలు కాదు.

లేత కాయ ఎలా పనిచేస్తుందన్నదానిపై ముంబయి పరిశోధకులు 2009లో ఒక ప్రయోగశాల అధ్యయనం ప్రచురించారు. కాయ కషాయానికి సూక్ష్మజీవులను చంపే శక్తి పరిమితమే అని, అయితే అవి పేగు కణాలకు అంటుకోవడాన్ని, లోపలికి చొరబడటాన్ని, విషపదార్థాలతో హాని చేయడాన్ని తగ్గించగలదని అందులో తేలింది. సంప్రదాయానికి ఇది ఒక ఆధారం, కానీ ఇది గాజు పాత్రల్లో చేసిన ప్రయోగం. విరేచనాలతో మనిషి చనిపోయేది నీరు, లవణాలు పోవడం వల్ల. కాబట్టి మొదట ఇవ్వవలసింది ఓఆర్ఎస్, పిల్లలకైతే దానితో పాటు జింక్. రక్తం పడినా, జ్వరం ఉన్నా, పిల్లలు మూత్రం పోయకుండా నీరసించినా కషాయాల కోసం ఆగకూడదు.

ఆకు విషయంలో ప్రచారం ఇంకా ముందుకు పోయింది. రోజూ పరగడుపున మారేడు ఆకులు నమిలితే షుగర్ మాయమవుతుందని చెప్పే వీడియోలకు కొదవ లేదు. ఆకు సారం జంతువుల్లో రక్తంలోని చక్కెరను తగ్గించినట్టు ప్రయోగాలు ఉన్నాయి. అదే కారణంగా షుగర్ మాత్రలు వాడుతున్నవారు వైద్యుడికి చెప్పకుండా ఆకు రసం మొదలుపెడితే చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది, మాత్రలు మానేసి ఆకును నమ్ముకుంటే అంతకన్నా పెద్ద ప్రమాదం. 2013లో అమెరికాలోని హవాయి ప్రాంతంలో, మారేడు ఆకులో సహజంగా ఉండే ఏజెలిన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారు చేసి కలిపిన ఒక బరువు తగ్గించే ఉత్పత్తిని వాడిన పలువురికి కాలేయం దెబ్బతింది, ఆ సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీయించారు. పూజలో నాలుగు ఆకులు నోట్లో వేసుకున్నంత మాత్రాన అలా జరుగుతుందని దీని అర్థం కాదు. ఆకులో ఉన్నదాన్ని గాఢంగా, నెలల తరబడి తీసుకోవడం పూర్తిగా వేరే సంగతని మాత్రం ఇది చూపుతుంది. గర్భిణులు ఆకు రసానికి దూరంగా ఉండటం క్షేమం. పొగాకు, మిరప చేల గట్ల మీది చెట్ల ఆకుకు పురుగుమందు తుంపర్లు అంటుకుని ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి అలాంటి ఆకును ఎవరూ నమలకూడదు.

వేరు సంగతి మరో రకం. ఆయుర్వేదంలోని దశమూలాల్లో బిల్వం ఒకటి, అక్కడ కావలసింది దాని వేరు. కాయ కోస్తే చెట్టుకు నష్టం లేదు, వేరు తవ్వితే చెట్టే పోతుంది. ఇంటి వైద్యం కోసం మారేడు వేరు తవ్వుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఎక్కడ ఏరవచ్చు, ఎక్కడ కూడదు

వెలగ ఎక్కువగా ఊరి పొలిమేరల్లో, చెరువు కట్టల మీద, మెట్ట చేల గట్ల మీద ఉంటుంది. మారేడు శివాలయాల ప్రాంగణాల్లోనూ, వెలిగొండల్లోనూ, నల్లమల వాలుల్లోనూ ఉంటుంది. త్రిపురాంతకం, భైరవకోన లాంటి క్షేత్రాల చుట్టూ శివరాత్రికి, కార్తీకానికి ఆకు కోసం కొమ్మలకు కొమ్మలే నరకడం జరుగుతోంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మ నరికితే ఆ కొమ్మ మీద ముదురుతున్న కాయలు కూడా పోతాయి. రెమ్మ తుంచితే ఆ నష్టం ఉండదు.

ప్రైవేటు గట్టు మీది చెట్టుకు రైతు అనుమతి కావాలి. రిజర్వు అడవిలో అటవీ శాఖ నియమాలు వర్తిస్తాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అడవిని ఆధారం చేసుకుని బతికే గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించుకుని అమ్ముకునే హక్కు ఇచ్చింది. యర్రగొండపాలెం, దోర్నాల వైపు చెంచులు, నెల్లూరు జిల్లాలో యానాదులు ఈ చెట్ల జ్ఞానాన్ని తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చినవారు. పట్నం నుంచి సరదాగా వెళ్లేవారికి ఆ హక్కు లేదు. అభయారణ్యాల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మరింత కఠినం. పైగా ఉదయగిరి, రాపూరు వైపు కొండల్లో ఎర్రచందనం కోసం నిఘా ఉంటుంది, సంచి పట్టుకుని తిరిగే కొత్తవారిని ఆపి అడగడం సహజం. ఆ కొండల్లో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి, పండిన కాయల వాసన వాటికీ ఇష్టమే.

పదిహేనేళ్ల ఎదురుచూపు

గింజ నుంచి పెరిగిన వెలగ మొదటి కాపు ఇవ్వడానికి సుమారు పదిహేనేళ్లు పడుతుంది. ఈ ఒక్క అంకె వల్లే ఆ చెట్టు గట్ల మీద నుంచి తగ్గిపోతున్న తీరు సులభంగా అర్థమవుతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, గట్టు సరిచేసేటప్పుడు కొట్టేసిన చెట్టు స్థానంలో మూడు నాలుగేళ్లకే డబ్బు చేతికిచ్చే సుబాబుల్, జామాయిల్ వస్తాయి. ఖాళీగా వదిలేసిన చోటును సర్కారు తుమ్మ ఆక్రమిస్తుంది. దాని నీడలో వెలగ మొలక నిలదొక్కుకోవడం కష్టం, నిలదొక్కుకున్నదాన్ని మేకలు ఉండనివ్వవు. అంటుకట్టడం, వేరు ముక్కల నుంచి మొక్కలు తీయడం వెలగలో సాధ్యమే, అలా చేస్తే కాపు త్వరగా వస్తుంది. మారేడు తల్లిచెట్టు వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి, వాటిని వేరు తెగకుండా తవ్వి మరోచోట నాటవచ్చు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అందుకు అనువైన కాలం అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నాక మొదలవుతుంది. అప్పుడు నాటిన మొక్కకు మొదటి రెండు వేసవుల్లో నీళ్లు పోసి, చుట్టూ ముళ్లకంప కట్టి మేకల నోటికి అందకుండా చూస్తే, ఆపైన మెట్ట నేలలోనైనా తన నీళ్లు తానే వెతుక్కుంటుంది.